పిడుగు ఎవరిమీద పడును?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 9:18–26; లూకా 13:1–5



ఏప్రిల్, మే మాసములు వచ్చినవనిన మన పల్లెలలో రెండు భయములు కలుగును. ఒకటి ఎండ, రెండవది మబ్బు. ఉదయమంతయు నిప్పులు చెరిగిన ఆకాశములో మధ్యాహ్నము మూడు నాలుగు గంటల వేళకు నల్లని మేఘము లేచును. చల్లని గాలి వీచును. కల్లములో ఎండుచున్న మిరపకాయలు తడిసిపోవునని ఒకడు పట్టాలు పట్టుకొని పరుగెత్తును. కోసిన దాళ్వా వరి పనలు తడిసిపోవునని మరియొకడు పొలమునకు పరుగెత్తును. మేకలను తోలుకొని రావలెనని ఒక బాలుడు బీటిలోనికి పరుగెత్తును. అందరును ఇంటిలోనికి పోవలసిన గడియలోనే మన రైతులును కూలీలును బయటికి పరుగెత్తుదురు. ఆ గడియలోనే పిడుగు పడును.

కావున ఈ మాసములో మనము పిడుగును గూర్చి ధ్యానింపవలెనని తలంచితిమి. ఇది దేవుని వాక్యమునకు దూరమైన సంగతి యని ఎవరును అనుకొనవద్దు. పరిశుద్ధ గ్రంథములో ఉరుములు మెరుపులు అనేక చోట్ల కలవు. సీనాయి కొండమీద కలవు. యోబు గ్రంథములో కలవు. 29వ కీర్తన అంతయు ఒక గాలివాన వంటిదే. ఇదియునుగాక, పిడుగును గూర్చి మన సంఘములలో వాడుకలో నున్న ఒక తప్పు మాట ఒక కుటుంబమును ఎంత గాయపరచినదో మేము కన్నులార చూచితిమి. ఆ తప్పులో మాకును పాలు కలదు. దానిని ఈ పత్రికలో ఒప్పుకొనుట మా విధి.

మొదట పిడుగు ఎంత తరచుగా పడునో తెలిసికొందము. ఆకాశములో తిరుగు ఉపగ్రహముల నుండి శాస్త్రజ్ఞులు మెరుపులను లెక్కించి, భూమియంతట మీద సెకనుకు సుమారు 44 మెరుపులు మెరయుచున్నవని 2003లో ప్రకటించిరి. అనగా ఏడాదికి సుమారు 140 కోట్లు. మనము ప్రభువు నేర్పిన ప్రార్థనను నెమ్మదిగా ఒకసారి చెప్పి ముగించులోగా లోకములో వెయ్యికి పైగా మెరుపులు మెరసి యుండును. ఆదివారము రెండు గంటల ఆరాధన ముగియు వేళకు మూడు లక్షలు దాటును. వీటిలో ఎక్కువ భాగము మేఘములోనే పుట్టి మేఘములోనే అణగిపోవును. కొన్ని మాత్రమే నేలను తాకును. ఆ కొన్నిటినే మనము పిడుగులని పిలుచుచున్నాము.

మన ఆంధ్ర దేశములో 2018 ఏప్రిల్ 24వ తేదీన 13 గంటల కాలములో 36,749 పిడుగులు నమోదైనవని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు తెలిపిరి. ఆ దినమున మనలో అనేకులము పొలములలో ఉంటిమి, త్రోవలలో ఉంటిమి, చెట్ల క్రింద ఉంటిమి. ఇన్ని వేల పిడుగుల నడుమ మనము బ్రదికి బయటపడితిమన్న సంగతి ఆ రాత్రి పండుకొనునప్పుడు మనలో ఎందరము తలంచితిమి?

మన దేశమంతటిలో 2022వ సంవత్సరమున పిడుగుపాటువలన 2,887 మంది చనిపోయిరని ప్రభుత్వ నేర గణాంకముల సంస్థ లెక్క చెప్పుచున్నది. దినమునకు ఎనిమిదిమంది చొప్పున లెక్క. ఆ ఏట వడదెబ్బ, వరద, చలి, పిడుగు మొదలైన ప్రకృతి ఉపద్రవములన్నిటిచేత మరణించినవారిలో మూడవ వంతుకు మించి పిడుగుచేతనే మరణించిరి. వారెవరు? ముఖ్యముగా పొలములో నాట్లు వేయువారు, కలుపు తీయువారు, పశువులను గొఱ్ఱెలను మేపువారు, చెరువులో వల వేయువారు. అనగా మన మందిరములో చాపలమీద కూర్చుండువారే.

ఇప్పుడు మేము చెప్పవలసిన సంగతికి వచ్చుచున్నాము.

కొన్ని ఏండ్ల క్రిందట, ఏప్రిల్ మాసపు చివర, మా పరిచర్యలోని ఒక పల్లెలో ఇట్లు జరిగెను. మన సంఘ సభ్యుడొకడు కౌలుకు తీసికొన్న చేనిలో మిరప పండించి, కాయను కల్లములో ఆరబోసి, రాత్రింబవళ్లు అచ్చటనే కావలియుండెను. ఒక సాయంకాలము మబ్బు పట్టి జల్లు మొదలాయెను. అతడును మరి ఇద్దరును కాయమీద పట్టాలు కప్పి, అంచులకు రాళ్లు పెట్టి, గట్టుమీద ఉన్న వేపచెట్టు క్రిందికి పోయి నిలిచిరి. పిడుగు ఆ చెట్టుమీద పడెను. ముగ్గురును పడిపోయిరి. ఇద్దరు కొంతసేపటికి లేచిరి. అతడు లేవలేదు.

చుట్టుప్రక్కల కల్లములవారు పరుగెత్తుకొని వచ్చిరిగాని అతనిని ముట్టుటకు భయపడిరి. పిడుగు పడిన దేహములో కరెంటు నిలిచియుండునని వారి నమ్మకము. పావుగంట గడిచిన తరువాత ఒకడు ధైర్యము చేసి చేయి పట్టుకొని చూచెను. ఆటోలో పట్టణమునకు తీసికొనిపోవునప్పటికి ప్రాణము లేదు. అతనికి భార్యయు, ఇద్దరు పిల్లలును గలరు.

మరునాడు భూస్థాపన ఆరాధన జరిగెను. మేము వాక్యము చదివి ప్రార్థన చేసితిమి. సమాధియొద్ద నుండి తిరిగి వచ్చుచుండగా సంఘ పెద్దలలో ఒకరు, నలుగురును వినునట్లు, ఇట్లనిరి: ‘కాయ ఆరబోసిన నాటినుండి రెండు ఆదివారములు మందిరమునకు రాలేదు. దేవుడు చూచుచు ఊరకుండునా?’ ఆ మాట ఆయన క్రూరత్వముతో అనలేదు. మన పల్లెలలో ఎవరైనను అనుమాటయే అది. అబద్ధమాడినవాని నెత్తిన పిడుగు పడునని ఒట్టు పెట్టుకొనుట, కోపము వచ్చినప్పుడు పిడుగు పడవలెనని శపించుట మనము చిన్ననాటినుండి వినుచునే యున్నాము. కాని ఆ మాట ఆ విధవరాలి చెవిని పడెను. మేమును వింటిమి. విని, ఇది వాదించు సమయము కాదని తలవంచుకొని నడిచిపోతిమి.

ఆమె నాలుగు మాసములు మందిరమునకు రాలేదు. మేము దర్శించుటకు పోయినప్పుడు మంచము వాల్చి, నీళ్లిచ్చి, గుమ్మము ప్రక్కన నిలువబడి ఒకే ప్రశ్న అడిగెను: ‘అయ్యగారూ, ఊరిలో అందరికంటె మా ఆయన చేసిన పాపమేమిటండి?’

సహోదరులారా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారము మేము. ఆ జవాబు సమాధియొద్దనే చెప్పియుండవలసినది. ఆలస్యముగానైనను, ఆమెకు చెప్పిన జవాబునే ఇచ్చట మీ అందరికిని వ్రాయుచున్నాము.

ఆమె అడిగిన ప్రశ్నను ప్రభువైన యేసు ముందే వినియున్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయములో, సిలోయములోని గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిన సంగతిని ప్రభువే ఎత్తి, వారు యెరూషలేములో నివసించిన ఇతరులందరికంటె ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా యని అడిగెను. అడిగి, కాదని తానే స్పష్టముగా జవాబు చెప్పెను. దాని వెంటనే, చనిపోయినవారి పాపమును వెదకుట మాని మీ హృదయములను మార్చుకొనుడను భావముతో, బ్రదికియున్నవారివైపు తిరిగెను. ఉపద్రవము జరిగినప్పుడు మనము వేలు ఎటు చూపవలెనో ప్రభువు ఇచ్చట నేర్పెను. ఆ వేలు సమాధివైపు కాక మన రొమ్మువైపే తిరుగవలెను.

యోబు గ్రంథము మొదటి అధ్యాయము 16వ వచనము చూడుడి. ఆకాశమునుండి అగ్ని పడి యోబు గొఱ్ఱెలను, వాటిని కాయుచున్న పనివారిని కాల్చివేసెను. పొలములో మందను కాయుచున్న ఆ కాపరులు ఏమి పాపము చేసిరి? గ్రంథము ఒక్క పాపమును చెప్పదు. యోబు స్నేహితులు మాత్రము వచ్చి, పాపము లేనిదే ఇట్టి కీడు రాదని అనేక అధ్యాయముల పొడవున వాదించిరి. చివరకు దేవుడు ఆ స్నేహితులమీద కోపించెను; తన్నుగూర్చి వారు యుక్తమైనది పలుకలేదనెను. మన సమాధి తోటలలో ఎలీఫజు ఇంకను మాటలాడుచున్నాడు. ఆ దినమున అతనికి ఎదురు చెప్పక మేమును అతనితో నడిచితిమి.

మెలితే ద్వీపములో పౌలు చేతిని సర్పము పట్టినప్పుడు ఆ దీవివారును ఇట్లే తలంచిరి. వీడు నరహంతకుడై యుండవలెను, సముద్రమునుండి తప్పించుకొనినను న్యాయము వీనిని విడువలేదని చెప్పుకొనిరి. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో ఇది యున్నది. వారు కొంతసేపు కనిపెట్టి, అతనికి ఏ హానియు కలుగకపోగా అభిప్రాయము మార్చుకొని, దేవుడనిరి. రెండు తలంపులును తప్పే. కీడు చూచి పాపి యనుటయు, క్షేమము చూచి నీతిమంతుడనుటయు ఒకే తక్కెడలోని రెండు సిబ్బెలు. పరమతండ్రి చెడ్డవారిమీదను మంచివారిమీదను సూర్యుని ఉదయింపజేయుచున్నాడని, నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వర్షము కురిపించుచున్నాడని మత్తయి 5:45లో ప్రభువు చెప్పెను. ఆ వర్షమును తెచ్చు మేఘములోనే మెరుపును ఉన్నది.

ఈ సంగతిని లోకపు లెక్కలు కూడ చూపుచున్నవి. అమెరికా దేశములో 1940ల దశాబ్దిలో ఏటేటా వందల కొలది జనులు పిడుగుపాటునకు చనిపోవుచుండిరి. ఇటీవలి సంవత్సరములలో, జనసంఖ్య రెండింతలకు మించి పెరిగినను, ఏడాదికి ఇరువది ముప్పదిమందికి మించుట అరుదు. అచ్చట పిడుగులు మానినవా? మానలేదు. అచ్చట పాపము తగ్గినదా? ఆ దేశపువారే అట్లు చెప్పుకొనరు. పొలములలో పని చేయువారు తగ్గిరి, గట్టి ఇండ్లు లేచినవి, ముందుగా హెచ్చరికలు అందుచున్నవి. పిడుగు పాపము చూచి పడునదైతే ఈ లెక్క కుదరదు. అది ఎత్తైన దానిని వెదకును, ఒంటరిగా నిలిచిన దానిని వెదకును. మన కూలి సహోదరి చేనిలో వంగి పని చేయుటవలన చనిపోవుచున్నది. పట్టణపు ధనవంతుడు మేడలో కూర్చుండుటవలన బ్రదుకుచున్నాడు. ఈ సంగతి మన హృదయమును పొడువవలెను.

అయితే మీలో కొందరు అడుగవచ్చును: ‘ఐగుప్తుమీద దేవుడు ఉరుములను అగ్నిని శిక్షగా పంపలేదా?’ పంపెను. ఆ అధ్యాయమునే నెమ్మదిగా చదువుడి. నిర్గమకాండము 9వ అధ్యాయములో వడగండ్లును పిడుగులును రాకమునుపు దేవుడు మోషేచేత దినమును వేళను చెప్పించెను. అంతమాత్రమే కాదు. పొలములో నున్న మనుష్యులను పశువులను ఇండ్లలోనికి రప్పించుకొనుమని 19వ వచనములో కబురు పంపెను. ఎవరికి? శత్రువైన ఫరోకు! 20వ వచనములో ఫరో సేవకులలో ఆ మాటకు భయపడినవారు తమ దాసులను పశువులను ఇండ్లలోనికి తోలించిరి. 21వ వచనములో లక్ష్యపెట్టనివారు వారిని పొలములోనే విడిచిరి. తరువాత జరిగినది మీకు తెలియును.

ఇచ్చట మూడు సంగతులు కనబడుచున్నవి. మొదటిది, తీర్పు దినమున సహితము దేవుడు తప్పించుకొను త్రోవ తెరచెను. ఇశ్రాయేలీయుల సంగతి అటుంచగా, ఐగుప్తు దాసులును ఐగుప్తు పశువులును బ్రదుకవలెనని కోరెను. రెండవది, ఆ త్రోవ మంత్రము కాదు, కానుక కాదు. ఇంటి కప్పే ఆ త్రోవ. మూడవది, ఆ దినమున చనిపోయిన దాసులు తమ యిష్టముచేత పొలములో నిలువలేదు. యజమానుడు లక్ష్యపెట్టలేదు గనుక నిలిచిరి. హెచ్చరిక విని అలక్ష్యము చేసినవాడు ఒకడు, చనిపోయినవాడు మరియొకడు. ఇట్టి న్యాయము నేటికిని మన పొలములలో జరుగుచున్నది. కూలీలతో పని చేయించు సహోదరులారా, ఉరుము వినబడిన తరువాత ‘ఇంకొక్క సాలు తీసి పొండి’ అనకుడి. మన సొమ్ము తడిసిన మరల ఎండును. చనిపోయిన తల్లి తన బిడ్డలయొద్దకు తిరిగి రాదు.

మన సంఘముల చరిత్రలో పిడుగుతో ముడిపడిన సంగతి ఒకటి కలదు. 1505 జూలై 2వ తేదీన జర్మనీ దేశములో స్టాటర్న్‌హైమ్ అను గ్రామము దగ్గర మార్టిన్ లూథరు అను యౌవనుడు నడిచి వచ్చుచుండగా గాలివాన పట్టుకొనెను. దగ్గరనే పిడుగు పడెను. అతడు భయభ్రాంతుడై, బ్రదికిన యెడల సన్యాసి నగుదునని పరిశుద్ధురాలైన అన్నమ్మకు మ్రొక్కుకొనెను. పదునైదు దినములకు ఎర్ఫర్టులోని మఠములో చేరెను. పిడుగులో అతడు చూచినది కోపించు న్యాయాధిపతిని. మఠములో ఉపవాసములున్నను, జాగరణములు చేసినను, ఆ భయము వదలలేదు. విశ్వాసమూలముగా దేవుడు మనుష్యుని నీతిమంతునిగా తీర్చుచున్నాడని రోమా పత్రికలో గ్రహించిన తరువాతనే అతనికి సమాధానము కలిగెను. 1521లో తన తండ్రికి వ్రాయుచు, ఆ మ్రొక్కుబడి ఇష్టపూర్వకమైనది కాదనియు, ఆకస్మిక మరణభయముచేత చేసినదనియు ఒప్పుకొనెను. ప్రియులారా, పిడుగు మనుష్యుని మోకాళ్లమీదికి తేగలదు గాని తండ్రి ముఖమును చూపలేదు. దానిని చూపుటకు సిలువ కావలెను. ఏలీయా హోరేబు కొండమీద గాలిని, భూకంపమును, అగ్నిని చూచెను. యెహోవా వాటిలో లేడు. అటుతరువాత వచ్చిన మిక్కిలి నిమ్మళమైన స్వరములో ఆయన మాటలాడెను.

మరియొక చరిత్రను కూడ వినుడి. ఇది సంఘమునకు సిగ్గు కలిగించునది. పూర్వము ఐరోపా ఖండములో ఉరుములు పుట్టినప్పుడు దేవాలయపు గంటలు మ్రోగించుచుండిరి. గంటధ్వని పిడుగును తరిమివేయునని వారి నమ్మిక. ఊరిలో అన్నిటికంటె ఎత్తైన గోపురములో, తడిసిన త్రాడు పట్టుకొని, ఒక మనుష్యుడు నిలువబడుచుండెను. 18వ శతాబ్దములో 33 సంవత్సరముల కాలములో 386 గోపురములమీద పిడుగులు పడి గంటలు కొట్టువారు 103 మంది చనిపోయిరని లెక్క వ్రాయబడినది. ఆ శతాబ్దములోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనువాడు పిడుగును నేలలోనికి దింపు లోహపు కమ్మిని కనిపెట్టెను. దేవుని చేతిలోని ఆయుధమునకు అడ్డుపడరాదని కొందరు భక్తులు దానిని వెంటనే అంగీకరింపలేదు. అయినను వానకు కప్పు వేసికొనుట అవిశ్వాసము కానప్పుడు పిడుగునకు కమ్మి పెట్టుకొనుట ఎట్లు అవిశ్వాసమగును?

‘పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రమా’ అని మన పెద్దలందురు. ఉరుము వినబడగానే మన పొరుగువారు అర్జునుని పేర్లు తలంచుకొందురు. మనము వారిని చూచి నవ్వుదుము. కాని మనలో కొందరు చొక్కాజేబులో క్రొత్త నిబంధన ఉన్నది గనుక చెట్టు క్రింద నిలిచినను భయము లేదనుకొందురు. వారికిని మనకును భేదమేమి? దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు ప్రభువు, దూతలు ఎత్తుకొందురను వాగ్దానము తెలిసియు, దుముకలేదు. ప్రభువైన దేవుని శోధింపకూడదని చెప్పి త్రోసివేసెను. ప్రార్థించుచు ఇంటిలోనికి పరుగెత్తువాడు విశ్వాసి. ప్రార్థించుచు చెట్టు క్రింద నిలుచువాడు దేవుని శోధించుచున్నాడు.

కావున ప్రతి కుటుంబములోను ఈ సంగతులు పిల్లలకు నేర్పుడి.

మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడువరకు అంకెలు లెక్కింపుడి. మూడు సెకనులకు ఒక కిలోమీటరు దూరము. ముప్పది లెక్కించులోగా ఉరుము వినబడిన యెడల పిడుగు మనయొద్దకు రాగలంత దగ్గరలో ఉన్నది. వెంటనే పని విడువవలెను. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట గడచువరకు మరల పొలమునకు పోరాదు. వాన వెలిసినదని తొందరపడి పోయి చనిపోయినవారు అనేకులు.

పక్కా ఇల్లు, పాఠశాల, తలుపులు మూసిన బస్సు, కారు క్షేమమైనవి. చెట్టు క్రింద నిలువరాదు. ఒంటరి చెట్టు మరింత అపాయకరము. పొలములోని మంచె, గోడలు లేని పాక, ట్రాక్టరు, మోటారు సైకిలు కాపాడవు. చెరువులోను కాలువలోను ఉన్నవారు వెంటనే గట్టెక్కి పోవలెను. ఇనుప తీగె కంచెను ముట్టరాదు. ఇంటిలో ఉన్నను గోడకు తగిలించిన కరెంటు వస్తువులను పట్టుకొనరాదు. రబ్బరు చెప్పులు తొడిగికొంటిమి గనుక భయము లేదనుట భ్రమ. ఒకసారి పడిన చోట మరల పడదనుటయు భ్రమయే. న్యూయార్కు నగరములోని ఎంపైర్ స్టేట్ భవనముమీద ఏటా ఇరువది సార్లకు పైగా పడుచున్నది.

పిడుగు నెత్తిమీదనే పడవలెనని లేదు. చెట్టుమీద పడి ప్రక్కకు దూకును. నేలలోనికి దిగి పాదములగుండ ఎక్కును. నార్వే దేశములో 2016 ఆగస్టు మాసమున ఒక్క గాలివానలో 323 రెయిన్‌డీరు జింకలు ఒకేచోట చచ్చి పడియుండెను. అవి ఒకదానినొకటి ఆనుకొని నిలిచియుండగా నేలలో ప్రాకిన విద్యుత్తు వాటిని చంపెను. కాబట్టి పదిమంది ఒకేచోట గుంపుగా నిలువవద్దు. ఏ ఆశ్రయమును దొరకని చోట చిక్కుకొనిన యెడల పాదములు దగ్గరగా చేర్చి, తల వంచి, గొంతుక కూర్చుండవలెను, నేలమీద పండుకొనరాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. పిడుగు దెబ్బ తగిలినవాని దేహములో కరెంటు నిలువదు. వానిని వెంటనే ముట్టవచ్చును. పిడుగు గుండెను ఊపిరిని ఆపివేయును. అనేకసార్లు గుండె తనంతట తాను మరల కొట్టుకొనును గాని ఊపిరి రాదు. ఊపిరి అందక ఆ గుండె రెండవసారి ఆగిపోవును. ఆ కొద్ది నిమిషములలో ఒకడు రొమ్ము మధ్యను రెండు చేతులతో వేగముగా నొక్కుచు, నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదిన యెడల చచ్చినట్లున్నవాడు బ్రదుకవచ్చును. తక్కిన ప్రమాదములలో మూలుగుచున్నవారిని ముందు చూడవలెనందురు. పిడుగుపాటులో కదలక పడియున్నవానిని ముందు చూడవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఏలయనగా మూలుగుచున్నవాడు ఊపిరి తీయుచున్నాడు. కొన్ని ప్రాంతములలో దెబ్బ తగిలినవానిని పేడలో పూడ్చుదురు. అది ప్రాణము నిలుపు నిమిషములను వ్యర్థపుచ్చును. 2 రాజులు 4వ అధ్యాయములో ఎలీషా షూనేమీయురాలి బిడ్డమీద పండుకొని, తన నోరు వాని నోటిమీద ఉంచెను. ఆ బిడ్డను లేపినది దేవుని శక్తి. అయినను ప్రవక్త దూరముగా నిలువక, తన దేహమును ఆ చల్లని దేహమునకు తగిలించెనని మరువకుడి. ఆ సాయంకాలము కల్లములో కావలసినది అట్టి తాకుడే.

ఇప్పుడు సంఘము చేయవలసిన పని యొకటి కలదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు ‘దామిని’ అను యాప్‌ను సిద్ధపరచిరి. దామిని అనగా మెరుపు. మనమున్న చోటికి దగ్గరలో పిడుగులు పడుచున్నవో లేదో అది సెల్‌ఫోనులో చూపును. విపత్తుల సంస్థవారు మండలముల పేర్లతో ముందుగా హెచ్చరికలు పంపుచున్నారు. ఇవి మన యౌవనుల సెల్‌ఫోనులకు వచ్చుచున్నవి. మేకలు కాయు వృద్ధునికి రావు. ప్రతి సంఘములోను ఇద్దరు యౌవనులు ఈ పనికి ఏర్పడవలెను. మబ్బు మనమీదికి రాకమునుపే, ఉరుములు మొదలు కాకమునుపే, మందిరపు మైకులో ఊరంతటికి చెప్పవలెను. క్రైస్తవులకు మాత్రమే కాదు, పల్లెకును ఊరికిని, అన్ని కులములవారికిని వినిపింపవలెను. ఐగుప్తీయులకు సహితము కబురంపిన దేవుని బిడ్డలము మనము. యెహెజ్కేలు 33వ అధ్యాయములో ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదని కావలివానిని దేవుడు లెక్క అడుగుదునన్నాడు. చేతిలో హెచ్చరిక యుండి నోరు మూసికొనిన సంఘమును అడుగడా?

పిడుగుపాటున చనిపోయినవారి కుటుంబమునకు ప్రభుత్వ సహాయము దొరకవచ్చును. పోలీసు కాగితములు, పోస్టుమార్టము కాగితములు లేక అది ఆగిపోవుచున్నది. చదువు వచ్చిన సహోదరులు ఆ విధవరాలితో కూడ తహసీలుదారు కార్యాలయమునకు పోవలెను. బాధితుల ఇంటిముందు చేయదగిన ఉత్తమ ప్రసంగము ఇదియే.

ఆ సహోదరి సంగతి చెప్పి ముగింతుము. మేము లూకా 13వ అధ్యాయము చదివి వినిపించి, ఆ దినమున మౌనముగా నున్నందుకు ఆమెను క్షమాపణ అడిగితిమి. ఆమె చాలసేపు ఏడ్చెను. మరుసటి వారము, ఆ మాట అనిన పెద్ద తనంతట తానే మాతో వచ్చి, ఆమె గుమ్మములో నిలిచి, ‘అమ్మా, నేను దేవుని మీద అబద్ధ సాక్ష్యము పలికితిని, క్షమించుము’ అనెను. ఆయన వయస్సునకు ఆ మాట సులభము కాదు. ఆమె ఆయనకు పీట వేసెను. కొన్ని వారములకు పిల్లలతో మందిరమునకు వచ్చి, ఎప్పుడు కూర్చుండు చోటనే కూర్చుండెను. తన భర్త ఏల చనిపోయెనను ప్రశ్నకు మేము పూర్తి జవాబు ఇయ్యలేదు, మాకు తెలియదు. యోబునకు సహితము ఆ జవాబు దొరకలేదు, దేవుడే దొరికెను.

సమరయుల గ్రామముమీద ఆకాశమునుండి అగ్ని దింపుదుమా యని యాకోబు యోహానులు అడిగినప్పుడు ప్రభువు వారిని గద్దించెను. ఉరుము కుమారులను పేరు పొందిన యోహానే తరువాత ప్రేమను గూర్చి పత్రిక వ్రాసెను. మన నాలుకలనుండి పిడుగులు రాలకుండును గాక. మెరుపు తూర్పున పుట్టి పడమటి వరకు కనబడునట్లు మనుష్యకుమారుడు వచ్చునని మత్తయి 24:27లో చదువుచున్నాము. ఆ మెరుపును గూర్చి సిద్ధపడియున్నవాడు ఈ మెరుపునుండి తన పొరుగువానిని కాపాడుటకు బద్ధకింపడు.

ప్రార్థింతము: పరలోకమందున్న మా తండ్రీ, మేఘములు నీవి, మెరుపులు నీవి, మేమును నీవారము. పొలములో, బీటిలో, నీళ్లమీద పని చేయువారిని కాపాడుము. హెచ్చరిక వినుటకు చెవియు, చెప్పుటకు నోరును, పడినవానిని ముట్టుటకు చేతులును మాకు దయచేయుము. దుఃఖించువారి గుమ్మములో మేము నిందతో గాక నీ ఆదరణతో నిలుచునట్లు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.